ఫోను మూస్తే టీవీ కూడా మూగబోతుంది

(యువజన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం. మాట్లాడినట్టే ఉంచి, అక్కడక్కడా సరిచేసి పెడుతున్నాం.)



నాకు ఇచ్చిన అంశం "ప్రభుత్వాలు సోషల్ మీడియాని నిషేధిస్తే ఏమవుతుంది" అని. నిన్న ఒక తమ్ముడు నన్నడిగాడు. "అన్నా, ఫేస్‌బుక్ బంద్ అయితే మనకేంటి? రీల్స్ చూసేటోళ్ళకి బాధ. వార్తలు టీవీలో వస్తాయి కదా!" మంచి ప్రశ్న. ఇవాళ నేను చెప్పేదంతా ఆ ప్రశ్నకి జవాబే. టీవీలో వార్తలు ఎట్లా వస్తాయి, ఫోను మూసిన రోజు ఆ టీవీకి ఏమవుతుంది, అది చెప్తాను.

ముందు మన దగ్గర జరిగిన చిన్న సంగతి. మూడేళ్ళ కింద వానాకాలంలో మా వాగు పొంగింది. మా గూడెంలో ఒక అక్కకి నొప్పులు మొదలైనాయి. అంబులెన్స్ వాగు అవతల ఆగిపోయింది. మంచానికి కర్రలు కట్టి, నలుగురం భుజాన వేసుకుని, నడుము లోతు నీళ్ళలో దాటించాం. ఒకడు ఒడ్డున నిలబడి వీడియో తీశాడు. తీసింది సరే, పంపాలంటే సిగ్నల్ లేదు. గుట్ట మీద ఇప్పచెట్టు దగ్గరికి ఎక్కి మండలంలో ఉండే టీవీ విలేకరికి పంపాం. ఆయన ఫోన్ చేసి మొదటి మాట ఏమన్నాడో తెలుసా? "తమ్ముడూ, ఇంకోసారి తీసేటప్పుడు ఫోను అడ్డంగా పట్టుకో, నిలువుగా తీస్తే టీవీలో సరిగ్గా రాదు." రాత్రి ఏడింటికి వార్త వచ్చింది. కింద "మా ప్రతినిధి" అని ఆయన పేరు. ఆయన మా గూడెం చూసింది లేదు. ఆయన్ని తప్పుపట్టడం లేదు. మండలం మొత్తానికి ఒక్క మనిషి, బండికి పెట్రోలు కూడా సొంత డబ్బే. వారం తర్వాత ఇంజనీరు వచ్చి వాగు కొలిచి పోయాడు. వంతెన ఇంకా రాలేదు, అది వేరే కథ. అక్కా, పాపా బాగున్నారు.

ఇందులో గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే. టీవీ వార్త టీవీలో పుట్టలేదు, మా వాడి ఫోనులో పుట్టింది. దూరంగా ఉన్నోళ్ళ వార్తలు చాలామటుకు ఇట్లాగే పుడతాయి. మరి ఆ దారిని సర్కారు మూసేస్తే? ఇది ఊహించి చెప్పే మాట కాదు. ఒక పెద్ద దేశంలో ఏడు నెలల పైగా జరిగింది. ఆ దేశం నైజీరియా.

నైజీరియా ఆఫ్రికా ఖండానికి పడమటి వైపు ఉంటుంది. 20 కోట్లకు పైగా జనం, వందల భాషలు, వందల తెగలు. భూమి కింద చమురు, భూమి మీద పేదరికం. వింటుంటే మనకి తెలిసిన కథే అనిపిస్తుంది కదా.

2021 జూన్ 1న అప్పటి అధ్యక్షుడు ముహమ్మదు బుహారీ ట్విట్టర్‌లో ఒక మాట పెట్టాడు. ఆగ్నేయ ప్రాంతంలో ప్రభుత్వ ఆఫీసుల మీద, పోలీసు స్టేషన్ల మీద దాడులు జరుగుతున్న రోజులవి. ఇప్పుడు అల్లరి చేస్తున్నోళ్ళకి అంతర్యుద్ధం ఎట్లా ఉంటుందో తెలియదు, ఆ యుద్ధంలో ఉన్నోళ్ళం మేము, వాళ్ళకి అర్థమయ్యే భాషలోనే బుద్ధి చెప్తాం అన్నది ఆ మాట సారాంశం. ఆ అంతర్యుద్ధం 1967 నుంచి 1970 దాకా, 30 నెలలు నడిచింది. ఆగ్నేయంలోని ఇగ్బో ప్రజలు బియాఫ్రా పేరుతో వేరే దేశం ప్రకటించుకున్నారు. తుపాకులతో కంటే ఆకలితో ఎక్కువమంది పోయారు. 10 లక్షలకు పైగానే అంటారు. ఆ యుద్ధంలో సైన్యంలో పనిచేసిన మనిషి దేశాధ్యక్షుడై కూర్చుని ఆ మాట అంటే ఇగ్బోలకి ఎట్లా వినపడుతుందో ఆలోచించండి. మరుసటి రోజు ట్విట్టర్ ఆ పోస్టుని తీసేసింది.

జూన్ 4, శుక్రవారం. ప్రభుత్వం ట్విట్టర్‌ని నిరవధికంగా ఆపేస్తున్నామని ప్రకటించింది. ఎక్కడ ప్రకటించింది? ట్విట్టర్‌లోనే! సమాచార శాఖ తన ఖాతాలో పెట్టింది. (నవ్వులు) నవ్వొస్తుంది కానీ అందులో విషయం ఉంది. విలేకరులందరూ అక్కడే ఉంటారని సర్కారుకి కూడా తెలుసు.

మరుసటి రోజు మొబైల్ కంపెనీలు తమకి ఆదేశం వచ్చిందని, అమలు చేస్తున్నామని చెప్పాయి. ఉల్లంఘించినోళ్ళ మీద కేసులు పెట్టమని న్యాయశాఖ మంత్రి ఆదేశించాడు. ఇక్కడిదాకా అది ఫోను వాడేటోళ్ళ సమస్యలాగే కనపడింది. జనం వీపీఎన్‌లు దించుకున్నారు. వీపీఎన్ అంటే తెలుసు కదా, మన ఫోను వేరే దేశంలో ఉన్నట్టు చూపించే యాప్. ముందు దారి మూస్తే వెనక నుంచి వెళ్ళడం లాంటిది. కుర్రాళ్ళు రెండు రోజుల్లో నేర్చుకున్నారు.

ఆ సోమవారం అసలు సంగతి బయటపడింది. నైజీరియాలో రేడియో, టీవీలకు లైసెన్సులు ఇచ్చే సంస్థ ఒకటుంది. నేషనల్ బ్రాడ్‌కాస్టింగ్ కమిషన్, పొట్టిగా ఎన్‌బీసీ. 1992 నుంచి ఉంది. అది దేశంలోని అన్ని రేడియో, టీవీ స్టేషన్లకు ఆదేశం ఇచ్చింది. అందులో మూడు ముక్కలున్నాయి, జాగ్రత్తగా వినండి.

ఒకటి, మీ ట్విట్టర్ ఖాతాలు తీసేయండి. రెండు, వార్తలకు గానీ కార్యక్రమాలకు గానీ, ముఖ్యంగా జనం ఫోన్ చేసి మాట్లాడే కార్యక్రమాలకు, ట్విట్టర్ నుంచి సమాచారం తీసుకోవద్దు. మూడు, ఇంకా వాడితే అది దేశభక్తి లేని పని అవుతుంది.

మొదటిది నోరు మూయడం. రెండోది చెవులు మూయడం. నోరు మూస్తే అందరికీ తెలుస్తుంది. చెవులు మూస్తే ఎవరికీ తెలియదు. వార్తలు రోజూలాగే వస్తుంటాయి. అందులోకి రాని మనిషి ఎవరో ఎవరికి తెలుసు?

ఇప్పుడు నిన్నటి తమ్ముడి ప్రశ్నకి వద్దాం. కుర్రాళ్ళు వీపీఎన్ పెట్టుకుని తప్పించుకున్నారు కదా, టీవీ వాళ్ళెందుకు తప్పించుకోలేదు? ఎందుకంటే టీవీకి లైసెన్సు ఉంది. మామూలు మనిషికి సర్కారు ఇచ్చిన కాగితం ఏమీ లేదు, అందుకే గుంజుకోవడానికి కూడా ఏమీ లేదు. కోట్లమంది వెనక పడడం ఏ పోలీసుకీ సాధ్యం కాదు. టీవీ స్టేషన్ అట్లా కాదు. దానికి ఒక బిల్డింగు, ఒక టవరు, ఒక ఫ్రీక్వెన్సీ, రెన్యువల్ చేయించుకోవాల్సిన ఒక కాగితం, జీతాలు ఇవ్వాల్సిన సిబ్బంది ఉంటారు. ఒక్క నోటీసు చాలు. అందుకే సోషల్ మీడియా మీద వేసిన నిషేధం సోషల్ మీడియా వాడేటోళ్ళ కంటే టీవీని, రేడియోని గట్టిగా పట్టుకుంటుంది. నైజీరియాలో పత్రికలు ఎన్‌బీసీ కిందికి రావు, దాని ఆదేశం వాటికి కాదు. రేడియో, టీవీలకే ఆ ముడి పడింది.

పైగా వాళ్ళకి అప్పటికే వాత పెట్టి ఉంది. 2020 అక్టోబరులో నైజీరియా యువకులు రోడ్ల మీదికి వచ్చారు. పోలీసుల్లో సార్స్ అనే దోపిడీ నిరోధక దళం ఉండేది. దోపిడీ ఆపాల్సిన దళమే కుర్రాళ్ళని పట్టుకుని డబ్బులు గుంజడం, కొట్టడం, చంపడం చేస్తోందని ఆ దళాన్నే రద్దు చేయమన్నారు. అక్టోబరు 20 రాత్రి లాగోస్ నగరంలో లెక్కీ టోల్‌గేట్ దగ్గర కూర్చున్న నిరసనకారుల మీద సైనికులు కాల్పులు జరిపారు. డీజే స్విచ్ అనే కళాకారిణి అక్కడి నుంచే ఇన్‌స్టాగ్రామ్‌లో లైవ్ పెట్టింది. టీవీ స్టేషన్లు జనం ఫోన్లలోని దృశ్యాలు చూపించాయి. వారం తిరగకముందే ఎన్‌బీసీ ఛానల్స్ టీవీకి, ఎరైజ్ టీవీకి, ఏఐటీకి ఒక్కోదానికి 30 లక్షల నైరాల జరిమానా వేసింది. కారణం? సోషల్ మీడియా నుంచి ధ్రువీకరించని దృశ్యాలు తీసుకున్నారట.

మరి అక్కడ ఏం జరగలేదా? లాగోస్ రాష్ట్రమే వేసిన విచారణ కమిటీ 2021 నవంబరులో నివేదిక ఇచ్చింది. నిరాయుధుల మీద సైనికులు కాల్చారని, జరిగిన దాన్ని ఊచకోత అనవచ్చని అందులో ఉంది. కేంద్ర ప్రభుత్వ సమాచార మంత్రి ఆ నివేదికను ఒప్పుకోలేదు, అది కూడా చెప్పాలి. కానీ చూడండి, ఆ నివేదిక బయటికొచ్చిన నాటికి ట్విట్టర్ మీద నిషేధం ఇంకా ఉంది.

ఒకసారి జరిమానా పడినోడు రెండోసారి ఆదేశం రాగానే ఏం చేస్తాడు? చాలా స్టేషన్ల ఖాతాలు మూగబోయాయి. తాళం వేయకుండానే తలుపు మూసుకున్నట్టు.

ఇప్పుడు న్యూస్‌రూమ్ లోపలికి వెళ్దాం. నిషేధం వల్ల స్టేషన్ ఏం పోగొట్టుకుంటుంది?

మొదటిది, చూసేటోళ్ళు. ఇవాళ టీవీ వార్త టీవీ పెట్టెలో మాత్రమే లేదు. ముక్కలు ముక్కలుగా ఫోన్లలో తిరుగుతుంది. కరెంటు సరిగ్గా ఉండని దేశంలో టీవీ కంటే ఫోనే ఎక్కువసేపు వెలుగుతుంది. ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న లక్షలమంది చూపరులు ఒక్క రోజులో దూరమవుతారు. వాళ్ళతోపాటు ప్రకటనలూ దూరమవుతాయి.

రెండోది, వార్త వచ్చే దారి. ఇది ఇందాక చెప్పాను.

మూడోది మనం ఎక్కువగా పట్టించుకోనిది. వార్త నిజమా కాదా అని చూసుకునే దారి. అబద్ధాలు ఆపడానికే నిషేధం అంటారు కదా. కానీ ఒక అబద్ధం ట్విట్టర్‌లో తిరుగుతోందని తెలిస్తేనే విలేకరి దాన్ని పట్టుకుని "ఇది తప్పు" అని చెప్పగలడు. ఏ ఊరిది, ఎప్పటిది, ఎవరు తీశారు అని అడగగలడు. విలేకరిని ఆ సందులోకి వెళ్ళొద్దంటే ఆ సందులో అబద్ధం హాయిగా తిరుగుతుంది. అవి కరోనా రోజులు కూడా. ఆ దేశ వ్యాధి నియంత్రణ కేంద్రం రోజూ కేసుల లెక్కలు ట్విట్టర్‌లో పెట్టేది. సర్కారు తన సొంత గొంతు మీద కూడా కాలు పెట్టుకుంది.

ఇంకో ముడి చూడండి. 2021 జూలై 5న కడునా రాష్ట్రంలో ఒక క్రైస్తవ మిషన్ హైస్కూలు హాస్టల్ మీద సాయుధ ముఠా పడి 121 మంది విద్యార్థుల్ని ఎత్తుకుపోయింది. డబ్బు కోసం పిల్లల్ని ఎత్తుకుపోవడం ఆ ఏడాది ఉత్తర నైజీరియాలో మళ్ళీ మళ్ళీ జరిగింది. జూలై 7న ఎన్‌బీసీ స్టేషన్లకు ఇంకో ఉత్తరం రాసింది. ముఠాల పనుల్ని గొప్పగా చూపొద్దు, భద్రతా విషయాల గురించి, బాధితుల గురించి ఎక్కువ వివరాలు ఇవ్వొద్దు, ప్రభుత్వంతో సహకరించండి అని. జూన్‌లో వార్త వచ్చే దారి మూశారు, జూలైలో వచ్చిన వార్తని చిన్నగా చెప్పమన్నారు.

దీని పక్కన 2014 సంగతి పెట్టి చూడండి. ఆ ఏప్రిల్ 14 రాత్రి బోర్నో రాష్ట్రంలో చిబోక్ అనే చిన్న ఊరి బడి నుంచి బోకో హరామ్ 276 మంది ఆడపిల్లల్ని ఎత్తుకుపోయింది. చిబోక్ ఎక్కడుందో ఆ దేశపు నగరాల్లో ఉన్నోళ్ళకే సరిగ్గా తెలియదు. మా పిల్లల్ని తెచ్చివ్వండి అన్న కేక ట్విట్టర్‌లో మొదలై దేశదేశాల టీవీలకెక్కింది. అందువల్ల పిల్లలందరూ ఇంటికి వచ్చారని నేను చెప్పను, చాలామంది ఇప్పటికీ రాలేదు. కానీ ఆ పిల్లలు ఉన్నారని, పోయారని లోకానికి తెలిసింది. అడవి అంచున ఉన్న ఒక ఊరి తల్లి ఏడుపు రాజధాని స్టూడియోకి చేరింది. 2021లో అదే తల్లి అదే ఏడుపు ఏడిస్తే? ట్విట్టర్ నుంచి తీసుకోవద్దు. స్టేషన్ తీసుకుంటే దేశభక్తి లేనట్టు.

అదే ఏడాది సెప్టెంబరు మొదటి వారంలో జంఫారా రాష్ట్రంలో ముఠాల మీద దాడులకోసమని మొత్తం ఫోన్ నెట్‌వర్క్‌లే ఆపేశారు. ఫోన్ కాల్ కూడా లేదు. పక్క రాష్ట్రాల్లో కొన్ని ప్రాంతాలకు కూడా పాకింది. ముఠాలకు కబుర్లు అందకూడదని సర్కారు వాదన. ఆ వాదనలో అర్థం లేదని నేను అనను. కానీ దాడి జరిగిన ఊరోళ్ళు సాయం కోసం పిలవాలన్నా, విలేకరికి చెప్పాలన్నా దారి లేదు. ట్విట్టర్ ఒక్కటే మూసినప్పుడు నగరపు కుర్రాడికి వీపీఎన్ ఉంది. జంఫారా పల్లెకి ఏముంది?

ఇక్కడే నేను గట్టిగా చెప్పాలనుకున్న మాట ఉంది. నైజీరియాలో ఎక్కువమందికి ట్విట్టర్ ఖాతానే లేదు. ఉత్తరాన పల్లెల్లో హౌసా భాషలో రేడియో వినడమే జనానికి పెద్ద అలవాటు. మరి ట్విట్టర్ నిషేధం ఆ రేడియో వినే రైతుకి ఏం చేసింది? అతను వినే వార్తలోనుంచి కొంత తీసేసింది, అతనికి తెలియకుండా. ట్విట్టర్ ఉన్నోడు వీపీఎన్ పెట్టుకుని చూసుకున్నాడు. ట్విట్టర్ అంటే ఏంటో తెలియనోడే పూర్తిగా నష్టపోయాడు. అందుకే "మనకి ఫేస్‌బుక్ లేదు, మనకేంటి" అనే మాట తప్పు తమ్ముడూ. ఫేస్‌బుక్ లేనోడికే ఎక్కువ నష్టం.

మన దేశానికి కూడా ఆ కథలో ఒక చిన్న పాత్ర ఉంది. ట్విట్టర్ ఆపేసిన వారానికే నైజీరియా ప్రభుత్వం బెంగళూరులో తయారైన కూ యాప్‌లో ఖాతా తెరిచింది. తెలుగులో కూడా రాసుకునేటట్టు ఉండేది అది. అదే కూ 2024లో మూతపడింది. దీన్నిబట్టి ఏం తెలుస్తుంది? యాప్‌లు వస్తాయి, పోతాయి. ఏ కంపెనీ కోసమూ నేను ఇక్కడ వకాల్తా పుచ్చుకోవడం లేదు. అమెరికా కంపెనీ ఒక దేశాధ్యక్షుడి మాటని తీసేయొచ్చా అని నైజీరియా సర్కారు అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. ద్వేషం నూరిపోసే పోస్టుల్ని ఈ కంపెనీలు ఎన్నోసార్లు వదిలేశాయి, అది కూడా నిజమే. పుకారు నమ్మి అమాయకుల్ని కొట్టి చంపిన సంఘటనలు మన దగ్గరా జరిగాయి. తప్పుడు పోస్టు పెట్టినోడి మీద కేసు పెట్టండి, కోర్టులో రుజువు చేయండి, కంపెనీకి చట్టం చేసి పన్ను వేయండి. బావిలో ఒకడు చెత్త వేశాడని ఊరి బావి పూడ్చేస్తారా? పైగా బావికి దూరంగా ఉన్నోడి కుండ కూడా పగలగొడతారా?

నైజీరియా జనం ఊరుకోలేదు. సెరాప్ అనే హక్కుల సంస్థ, ఇంకా 176 మంది పౌరులు పశ్చిమ ఆఫ్రికా దేశాల ఉమ్మడి కోర్టుకి వెళ్ళారు. దాన్ని ఎకోవాస్ కోర్టు అంటారు. 2021 జూన్ 22న ఆ కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ట్విట్టర్ వాడినోళ్ళని గానీ, రేడియో, టీవీ స్టేషన్లని గానీ వేధించొద్దు, కేసులు పెట్టొద్దు అని. స్టేషన్ల పేరు విడిగా ఎత్తి చెప్పింది చూడండి. జడ్జీలకు కూడా ఆ ముడి కనపడింది. 2022 జూలై 14న తుది తీర్పు వచ్చింది. ఆ నిషేధం చట్టవిరుద్ధం, భావప్రకటన హక్కుకు భంగం, మళ్ళీ ఇట్లా చేయొద్దు అని. అప్పటికి నిషేధం పోయి ఆరు నెలలైంది. 2022 జనవరి 13న ఎత్తేశారు. మొత్తం 222 రోజులు. 2023 మేలో అబుజాలోని ఫెడరల్ హైకోర్టు ఇంకో కేసులో, స్టేషన్లకు జరిమానాలు వేసే అధికారం ఎన్‌బీసీకి లేదు, శిక్ష వేయాల్సింది కోర్టులే అని చెప్పింది.

గెలిచారు, సంతోషం. కానీ ఆ 222 రోజుల్లో రావాల్సిన వార్తలు ఏ తీర్పుతో తిరిగొస్తాయి? వార్త విత్తనం లాంటిది. అదను దాటాక వేస్తే మొలవదు.

ఇప్పుడు మన దేశం సంగతి. మన దగ్గర ఇట్లా ఒక్కసారే జరగదు, విడివిడిగా జరుగుతుంది. మూడు విషయాలు గుర్తుపెట్టుకోండి.

ఒకటి. సమాచార సాంకేతిక చట్టంలో 69ఎ అనే సెక్షన్ ఉంది. దేశ భద్రత, శాంతిభద్రతల లాంటి కారణాలతో నెట్‌లో దేన్నైనా కేంద్రం ఆపించవచ్చు. సుప్రీంకోర్టు 2015లో 66ఎ సెక్షన్ కొట్టేసింది కానీ 69ఎ ని ఉంచింది. దాని కింద 2009లో చేసిన నిబంధనల్లో ఉత్తర్వులు గోప్యంగా ఉంచాలని ఉంది. 2025లో 4పీఎం అనే యూట్యూబ్ వార్తా ఛానెల్‌ను భద్రత పేరుతో ఆపేశారు. సంపాదకుడు సుప్రీంకోర్టుకి వెళ్ళాక ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకున్నారు. అంత దూరం వెళ్ళే స్తోమత మన మండలంలో యూట్యూబ్ ఛానెల్ నడిపే కుర్రాడికి ఉంటుందా?

రెండు. లైసెన్సు ముడి మన దగ్గరా ఉంది. కేరళలో మీడియా వన్ అనే మలయాళ టీవీ ఛానెల్‌కి 2022 జనవరిలో ప్రసార అనుమతి కొనసాగించలేదు. భద్రతా కారణాలన్నారు. ఆ కారణాలేంటో ఛానెల్‌కే చెప్పలేదు, సీల్డ్ కవర్‌లో పెట్టి హైకోర్టు జడ్జికి ఇచ్చారు. 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. భద్రత అని ఊరికే అంటే సరిపోదు, ఆధారం ఉండాలి, ప్రభుత్వాన్ని విమర్శించడం దేశానికి వ్యతిరేకం కాదు అని చెప్పింది. ఈ తీర్పు పేరు రాసుకోండి. దాంతోపాటు అనురాధా భసీన్ కేసు కూడా రాసుకోండి. ఇంటర్నెట్ ఆపితే ఆ ఉత్తర్వు బయటపెట్టాలి, నిరవధికంగా ఆపకూడదు అని 2020 జనవరి 10న సుప్రీంకోర్టు చెప్పింది.

మూడు, చాలామందికి తెలియనిది. నైజీరియాలో ప్రైవేటు రేడియో సొంతంగా వార్తలు చెప్పుకోవచ్చు. మన దేశంలో ప్రైవేటు ఎఫ్ఎం గానీ, కమ్యూనిటీ రేడియో గానీ సొంత వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి వార్తల్ని ఉన్నదున్నట్టు వినిపించుకోవచ్చు, అంతే. అంటే మన గూడెం వార్త, మన భాషలో, మన రేడియోలో చెప్పుకునే వీలు మొదట్నుంచీ లేదు. అందుకే ఛత్తీస్‌గఢ్‌లో గోండీ మాట్లాడేటోళ్ళు మామూలు ఫోన్లలో కబుర్లు రికార్డు చేసుకుని వినేటట్టు సీజీనెట్ స్వర మొదలైంది. రేడియో లేనోళ్ళకి ఫోనే రేడియో అయింది. మనకున్నది ఆ ఒక్క దారే. దాన్ని మూస్తే పక్క దారి లేదు.

మరి ఏం చేయాలి? నాకు తెలిసినంతలో నాలుగు పనులు చెప్తా.

వీడియో తీస్తే అసలు ఫైలు దాచుకోండి. తేదీ, ఊరి పేరు, వాగు పేరు నోటితో చెప్పి రికార్డు చేయండి. అందులో కనపడే మనిషిని అడగకుండా పంపకండి. అడ్డంగా తీయండి, ఆ విలేకరన్న చెప్పింది మర్చిపోకండి. (నవ్వులు)

ఒక్క యాప్ మీద ఆధారపడకండి. ఇద్దరు ముగ్గురు విలేకరుల నంబర్లు కాగితం మీద రాసుకుని సంఘం పుస్తకంలో పెట్టండి. యాప్ పోయినా మామూలు కాల్ ఉంటుంది. కాల్ కూడా పోతే సంతకి పోయే మనిషి చేత చీటీ పంపండి. మన తాతలు అట్లాగే పంపేవాళ్ళు.

టీవీలో వచ్చిందని ఊరుకోవద్దు. అదే విషయం కాగితం మీద రాసి ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి, గ్రామసభ తీర్మానంలో ఎక్కించండి. టీవీలో వచ్చిన వార్త రేపటికి పోతుంది, తీర్మానం పుస్తకంలో ఉంటుంది.

ఇక నెట్ ఆపేసినా, ఛానెల్ ఆపేసినా నాలుగు ప్రశ్నలు అడగండి. ఏ చట్టం కింద? ఎవరు సంతకం పెట్టారు? ఎన్ని రోజులు? ఉత్తర్వు కాపీ ఏది? నైజీరియా వాళ్ళు ఈ ప్రశ్నలే కోర్టులో అడిగి గెలిచారు.

ఇక్కడ కూర్చున్న విలేకరన్నలకి కూడా ఒక మాట. అన్నా, మా ఫోను వీడియోతో మీ వార్త నడుస్తోంది, మీ టీవీతో మా గోడు బయటికి పోతోంది. మా ఫోను ఆపేసిన రోజు "వీడియో రాలేదు, అందుకే వార్త లేదు" అనకండి. ఆ రోజు బండి వేసుకుని రండి. వాగు దాకా వస్తే చాలు, అవతలి ఒడ్డుకి మేము దాటిస్తాం.

నిన్న ప్రశ్న అడిగిన తమ్ముడు అక్కడ కూర్చున్నాడు. నీకు ఫేస్‌బుక్ లేదన్నావు, సరే. మీ అమ్మకి రేపు బాగోలేకపోతే ఎవడో ఒకడు ఆ ఇప్పచెట్టు కిందికి ఎక్కి పంపే వీడియోనే రాత్రి ఏడు గంటల వార్త. ఆ చెట్టు కింద సిగ్నల్ పోయిన రోజు ఎందుకు పోయిందని అడిగేటోళ్ళలో నువ్వు కూడా ఉండాలి. అందుకే ఇంతసేపు మాట్లాడాను.